ముందు నడిచేవాడు ముందే చెప్పాలి

పిడుగురాళ్ళకు దగ్గర్లోని గుత్తికొండ బిలానికి తొలి ఏకాదశి నాడు జనం తండోపతండాలుగా వెళ్తారు. పల్నాటి యుద్ధం ముగిశాక బ్రహ్మనాయుడు ఆ బిలంలోకే వెళ్ళిపోయాడని ఇక్కడివాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. కొండ కడుపులోకి పోయే చీకటి దారి, లోపల నీళ్ళు. అటువంటి దారిలో దీపం పట్టుకుని ముందు నడిచే మనిషికి రెండు పనులుంటాయి. ఒకటి నడవడం, అది అందరూ చేసేదే. రెండోది చెప్పడం. "తల వంచండి", "ఇక్కడ జారుతుంది", "నీళ్ళొచ్చాయి, నిదానం" అని అతను అంటూనే ఉండాలి. వెలుగు అతని చేతిలో ఉంది, వెనకవాళ్ళకి కనిపించేది అతని వీపు. అతని కంటికి తగిలింది వాళ్ళ చెవికి చేరకపోతే అతని ధైర్యం అతనొక్కడికే పనికొస్తుంది. ముక్కూ మొహం తెలియని మనుషుల్ని వెంటబెట్టుకుని నడిపించే పని ఏదైనా ఈ రెండోదాని మీదే నిలబడుతుందని ఈ అధ్యాయంలో వాదించబోతున్నాను. ఉదాహరణకి తీసుకున్నది మాత్రం కంప్యూటర్ తెర మీది గుహ.

ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ ఆటల్లో ఆ గుహని డంజన్ అంటారు. అది పాడుబడిన కోట కావచ్చు, గని కావచ్చు, సముద్రపు ఒడ్డు బిలం కావచ్చు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఐదుగురు, ఫైనల్ ఫాంటసీ 14లో నలుగురు కలిసి లోపలికి దిగుతారు. ఒకరు ట్యాంక్, అంటే శత్రువుల కోపమంతా తన మీదకి తిప్పుకుని దెబ్బలు కాచుకునే మనిషి. ఒకరు హీలర్, అందరి ప్రాణం తగ్గకుండా కనిపెట్టుకుని ఉండే మనిషి. మిగిలినవాళ్ళు శత్రువుని పడగొట్టేవాళ్ళు, వాళ్ళని డీపీఎస్ అంటారు. ట్యాంకే నాయకుడని ఏ నియమంలోనూ రాసి లేదు. కానీ శత్రువుల గుంపుని ముందుగా కదిపేది తనే కాబట్టి ఎప్పుడు కదలాలి, ఒకేసారి ఎంతమందిని లాగాలి అన్న రెండు నిర్ణయాలూ తన చేతికే వస్తాయి. అందుకే ఇక్కడి మాటలు ఎక్కువగా ట్యాంక్ ఆడేవాళ్ళకి. నరసరావుపేటలోనో మాచర్లలోనో మొబైల్ మీద బీజీఎంఐ స్క్వాడ్‌లో తెలియని ముగ్గురితో దిగేవాళ్ళకి కూడా ఇందులో చాలా భాగం సరిపోతుంది.

ఈ పని ఎందుకు కష్టమో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. వార్‌క్రాఫ్ట్ 2004 నవంబరులో వచ్చింది. మొదటి ఐదేళ్ళు జట్టు కావాలంటే మీ సర్వర్‌లో ఉన్నవాళ్ళనే చాట్‌లో పిలుచుకోవాల్సి వచ్చేది. అది ఒక ఊరు లాంటిది. పంపకంలో మోసం చేసినవాడి పేరు నాలుగు రోజుల్లో సర్వర్ అంతా పాకేది, ఓపికగా నడిపించేవాడి పేరూ పాకేది. 2009 డిసెంబరులో డంజన్ ఫైండర్ అనే ఏర్పాటు వచ్చింది. బటన్ నొక్కితే వేర్వేరు సర్వర్ల మనుషుల్ని యంత్రమే ఏరి ఒక చోట చేరుస్తుంది. గంటల తరబడి పిలుపులు తప్పాయి, అది నిజంగా పెద్ద మేలు. అయితే అరగంట తర్వాత ఆ మనుషులు మళ్ళీ ఎదురుపడరు. మళ్ళీ కలుస్తామన్న ఎరుకే మనుషుల్ని సహకరించేలా చేస్తుందని రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ 1984లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా చూపించాడు. ఆ ఎరుక ఇక్కడ లేదు. వెనకటి పరిచయం లేదు, రేపటి అవసరమూ లేదు. గురజాల సంతలో ఒక వ్యాపారి మాట చెల్లుబాటు కావడానికి వెనక ఇరవై ఏళ్ళ లావాదేవీ ఉంటుంది. డంజన్‌లో నాయకుడి చేతిలో ఉన్నది ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో అతను ఏం చెప్పాడు, చెప్పినట్టు చేశాడా లేదా అన్నదే అతని పరపతి మొత్తం.

చాలామంది ఈ పనికి వెనకాడతారని ఆట తయారుచేసినవాళ్ళకే తెలుసు. 2011లో వార్‌క్రాఫ్ట్‌లో కొత్త ఏర్పాటు ఒకటి పెట్టారు: ఏ పాత్రకి మనుషులు తక్కువగా ఉన్నారో ఆ పాత్రలో వచ్చినవాళ్ళకి అదనపు బహుమతి. ఆ కొరత ఎక్కువగా ట్యాంకులకే. ఫైనల్ ఫాంటసీలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. వేళ్ళకి పని చూస్తే ట్యాంక్ ఆడటం మిగతా పాత్రల కంటే బరువేమీ కాదు, చాలాచోట్ల తేలిక కూడా. మరి ఎందుకు వెనకాడతారు? పడగొట్టేవాడు తప్పు చేస్తే పోరు పది సెకన్లు ఎక్కువ సాగుతుంది, ఎవరూ గమనించరు. ముందు నడిచేవాడు దారి తప్పితే నలుగురూ చూస్తారు. అందరి ముందూ తప్పు దొరికిపోతుందన్న భయమే అసలు అడ్డు అని నా అభిప్రాయం. ఆ భయానికి కొందరు ఎంచుకునే విరుగుడు మౌనం. ఏమీ చెప్పకుండా వేగంగా పరిగెడితే తప్పు చేసినా అది తప్పని తెలియదు కదా అనుకుంటారు. భయం కొద్దీ నోరు మూసుకున్నవాడూ, గర్వం కొద్దీ మూసుకున్నవాడూ వెనకవాళ్ళకి ఒకేలా కనిపిస్తారు.

తెలియని మనుషులు కలిసి పనిచేసే మొదటి ఘడియ ఎంత ప్రమాదకరమో ఆటల బయట లెక్కలున్నాయి. అమెరికా రవాణా భద్రతా బోర్డు 1978 నుంచి 1990 దాకా విమాన సిబ్బంది తప్పిదం ఉన్న పెద్ద ప్రమాదాలని పరిశీలించి 1994లో నివేదిక ఇచ్చింది. వివరాలు దొరికిన ప్రమాదాల్లో 73 శాతం, ఆ పైలట్లు కలిసి ఎగిరిన మొదటి రోజునే జరిగాయి. 44 శాతం మొదటి ప్రయాణంలోనే. వాళ్ళందరూ శిక్షణ పొందినవాళ్ళే. ఇద్దరి మధ్య ఇంకా పుట్టని అవగాహన అక్కడి లోటుల్లో ఒకటి అనుకోవచ్చు. దీనికి మందు ఏమిటన్నదానికి ఆపరేషన్ థియేటర్ నుంచి ఒక ఆనవాలు దొరుకుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన శస్త్రచికిత్స చెక్‌లిస్టుని ఢిల్లీ సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో వాడి చూసి, ఫలితాలని 2009లో ప్రచురించారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. ఆ చెక్‌లిస్టులో కత్తి పెట్టేముందు చేయాల్సిన పనుల్లో ఒకటి, గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తమ పని పైకి చెప్పుకోవడం. జాబితాలో మొత్తం 19 అంశాలున్నాయి కాబట్టి ఘనతంతా ఆ పరిచయానిదే అనడం న్యాయం కాదు. కానీ ప్రాణాల మీద పని చేసేవాళ్ళు దాన్ని అలంకారంగా పెట్టుకోలేదు. ఒకసారి గొంతు విప్పిన నర్సు, తర్వాత ఏదైనా తేడా కనిపిస్తే మళ్ళీ గొంతు విప్పుతుంది. ఆ ఆలోచనతోనే దాన్ని అక్కడ ఉంచారు.

మన పొలాల్లో ఈ సంగతి ఎవరూ నేర్పకుండానే నడుస్తోంది. పల్నాటి పల్లెల్లో మిరప కోతలు మొదలైతే కర్నూలు పడమటి మండలాల నుంచి కూలీలు కుటుంబాలతో సహా వలస వస్తారు. సుగ్గికి పోవడం అంటారు వాళ్ళు. రైతుకి వాళ్ళు కొత్త, వాళ్ళకి చేను కొత్త. మధ్యలో ఉండే ముఠా మేస్త్రి మంచివాడైతే సాలులో అడుగు పెట్టకముందే మూడు సంగతులు తేలుస్తాడు: కూలి లెక్క ఎలాగో, ఏ కాయ కోయాలో ఏది వదలాలో, ఎక్కడిదాకా కోసి ఆగాలో. ఆ మూడూ తేలాక రోజంతా అతను అరవాల్సిన పని ఉండదు. అవి తేలకుండా దిగితే సాయంత్రం కాటా దగ్గర గొడవే. డంజన్‌లో మొదటి అర నిమిషం మీకు ఆ సాలు మొదలు లాంటిది. పలకరించండి. "ఎవరికైనా ఇది మొదటిసారా?" అని అడగండి. మీరు ఎలా నడవబోతున్నారో ఒక్క ముక్కలో చెప్పండి: చిన్న గుంపులుగా లాగుతారా, పెద్ద గుంపులుగానా. మీకే ఈ దారి కొత్తయితే అదీ చెప్పండి. "నాకూ ఇది రెండోసారే, ముందు నిదానంగా వెళ్తాను" అన్న ట్యాంక్‌ని ఎవరూ తక్కువ చేయరు. చెప్పకుండా తడబడిన ట్యాంక్‌ని మాత్రం అనుమానంగానే చూస్తారు.

అసలు విషయమంతా లాగడంలో ఉంది. శత్రువుల గుంపుని కదిపే ముందు వెనక్కి చూడడం అలవాటు చేసుకోండి. హీలర్‌కి మంత్రశక్తి ఎంత మిగిలిందో తెర మీద గీతలా కనిపిస్తూనే ఉంటుంది. ఆ గీత సగానికి దిగి ఉంటే మీ ఒంటి మీది కవచం ఎంత గట్టిదైనా కొత్త గుంపుని ముట్టకూడదు. నలుగురూ వచ్చారా, ఎవరైనా మలుపు దగ్గర ఆగిపోయారా చూడండి. దూరం నుంచి బాణాలూ మంత్రాలూ వేసే శత్రువులు మీరు నిలబడ్డ చోటికి రారు, అక్కడక్కడే ఉండి కొడతారు. వాళ్ళని ఒక్కసారి తాకి మీరు గోడ మలుపు వెనక్కి తప్పుకుంటే, మీరు కనిపించక వాళ్ళే నడిచి దగ్గరకి వస్తారు, అందరూ ఒక చోట పోగవుతారు. ఇది తెలిసిన ట్యాంక్ చేసే మంచి ఎత్తు. కానీ చెప్పకుండా చేస్తే పడగొట్టేవాళ్ళు మలుపు ఇవతలే శత్రువులతో తలపడతారు, ఎత్తు చెడుతుంది. "గోడ వెనక్కి" అన్న రెండు మాటలు ముందు పడితే అదే ఎత్తు పారుతుంది. బాస్, అంటే డంజన్‌లోని పెద్ద శత్రువు, ముఖాన్ని జట్టుకి ఎదురుగా ఉంచకుండా పక్కకి తిప్పి నిలబెట్టడమూ ఇలాంటిదే. చాలా బాస్‌లు ముందున్నవాళ్ళని ఒకే వేటుకి ఊడ్చేస్తాయి. తిప్పేది మీరే, మీరు అటూ ఇటూ ఊరికే కదులుతుంటే వెనక నిలబడాల్సినవాళ్ళు పరుగులు పెడుతూనే ఉంటారు. ఒకసారి తిప్పి అక్కడే ఉండిపోవడం కూడా ఒక రకంగా చెప్పడమే. మనకి ఇంకో ఇబ్బంది ఉంది. మన ఊళ్ళ నుంచి ఆడితే సర్వర్ ఎక్కడో విదేశంలో ఉంటుంది, మొబైల్ హాట్‌స్పాట్ మీద ఆడితే పింగ్, అంటే సర్వర్‌తో మాట అందే ఆలస్యం, ఇంకా పెరుగుతుంది. తెర మీద మీరు తప్పుకున్నట్టు కనిపించినా సర్వర్ లెక్కలో ఇంకా అక్కడే ఉండి దెబ్బ తింటారు. నేల మీద హెచ్చరిక గీత పడగానే, చివరి క్షణం దాకా ఆగకుండా, బయటికి వచ్చేయండి. లైన్ బాగాలేదని జట్టుకి మొదట్లోనే చెబితే హీలర్ మీ మీద ఒక కన్ను ఎక్కువ వేసి ఉంచుతుంది.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. ఇంత మాటలెందుకు, చేతిలో సత్తా ఉంటే చాలదా? బలమైన ఆటగాడు నలుగురినీ మోసుకుపోతాడు కదా? తేలిక డంజన్లలో ఇది నిజమే, కాదనను. ఆ బలమైనవాడు వెళ్ళిపోయాక మిగిలినవాళ్ళకి ఏమీ అబ్బదన్నది వేరే సంగతి. కాస్త గట్టి చోటికి వచ్చేసరికి మాత్రం ఒక్కడి సత్తా చాలదు. దీనికి లోకమంతటికీ తెలిసిన ఉదాహరణ 2005లో వచ్చిన వార్‌క్రాఫ్ట్ వీడియో, లీరాయ్ జెంకిన్స్‌ది. జట్టంతా ఒక గది ముందు నిలబడి పథకం వేస్తుంటుంది. ఇంతలో లీరాయ్ తన పేరు తనే అరుచుకుంటూ లోపలికి దూకుతాడు, అందరూ చచ్చిపోతారు. అది కావాలని ఆడి తీసిన వీడియో. అయినా అంతగా పాకిందంటే ప్రతి ఆటగాడికీ అలాంటివాడు ఒకడు గుర్తొచ్చాడన్నమాట. అందరూ లీరాయ్ దూకుడునే చెప్పుకుంటారు. నాకు మాత్రం అందులో నాయకుడి లోపం కూడా కనిపిస్తుంది. పథకం సాగినంతసేపూ లీరాయ్ కుర్చీలో లేడు. విన్నావా అని ఎవరూ అతన్ని అడగలేదు. లెక్కలతో సహా పొడుగ్గా చెప్పిన పథకం, వినాల్సినవాడికి చేరనప్పుడు, చెప్పనట్టే. అందరూ సిద్ధమేనా అని అడిగే రెడీ చెక్ బటన్ ఆ ఆటలోనే ఉంది. నాలుగు జవాబులూ వచ్చేదాకా ఆగడానికి పట్టేది కొన్ని సెకన్లు.

పల్నాటి కథ గుర్తున్నవాళ్ళకి బాలచంద్రుడు తలపుకొస్తాడు. సంధి మాటలు సాగుతుండగా ఆగలేక కదనానికి ఉరికిన బ్రహ్మనాయుడి కొడుకు. అతని తెగువని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కారెంపూడిలో ఇప్పటికీ ఏటా కార్తీకంలో ఐదు రోజులు వీరుల ఉత్సవం జరుగుతుంది, ఆ పేరు పలికితే జనం చేతులు జోడిస్తారు. కానీ నాయకత్వం దగ్గరకి వచ్చేసరికి నేను తండ్రి చేసిన పనినే ముందు చూపిస్తాను. 12వ శతాబ్దంలో మాలవాడైన కన్నమదాసుని సేనాపతిని చేసి, అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడని బ్రహ్మనాయుడి గురించి ఈ నేల చెప్పుకుంటుంది. ఒకరి పక్కన ఒకరు కూర్చోని మనుషులు ఒకరి కోసం ఒకరు నిలబడతారన్న నమ్మకం అతనికి లేదు. పోరుకి ముందే జట్టు తయారు కావాలని అతను గ్రహించాడు. డంజన్‌లో మీ చాప మీద ఎవరెవరు కూర్చుంటారో మీరు ఎంచుకోలేరు, యంత్రం ఎంచుతుంది. అందులో కొత్తవాళ్ళు ఉంటారు. పాత ఆటగాళ్ళు కొందరు వాళ్ళని బరువుగా చూస్తారు, ఓటు వేసి బయటికి పంపాలంటారు. బూతులు తిట్టేవాడిని పంపడానికి ఆ ఓటు ఉంది, తప్పకుండా వాడండి. తెలియనివాడి మీద వాడకూడదు. ఫైనల్ ఫాంటసీలో జట్టులో ఎవరికైనా ఆ డంజన్ మొదటిసారి అయితే ఆ సంగతి తెర మీద పడుతుంది, పూర్తి చేశాక మిగతావాళ్ళకి అదనపు బహుమతి వస్తుంది. కొత్తవాడు ఉండటం జట్టుకి లాభంగా మార్చిన ఏర్పాటు అది. నాకు చాలా నచ్చిన ఏర్పాటు.

మరి అన్నీ తెలిసినవాళ్ళకి చెప్పబోతే వాళ్ళు నొచ్చుకోరా? పొడుగ్గా చెబితే నొచ్చుకుంటారు. ఎవరినీ ఎత్తి చూపకుండా బాస్‌కి ముందు "ఎర్ర గీత పడితే విడిపోండి" అంటే తెలిసినవాడికి పోయేది ఒక్క సెకను, తెలియనివాడికి దక్కేది ప్రాణం. అందులోనూ తెలిసినవాడే మీరు మర్చిపోయింది అందిస్తాడు. నోరు తెరిచిన నాయకుడి దగ్గర మిగతావాళ్ళూ తెరుస్తారు. ఎమీ ఎడ్మండ్‌సన్ 1996లో ప్రచురించిన ఆసుపత్రి పరిశోధనలో ఒక వింత తేలింది. బాగా నడిచే వార్డుల్లో మందుల పొరపాట్లు ఎక్కువ నమోదయ్యాయి. అక్కడ ఎక్కువ తప్పులు జరిగాయని దాని అర్థం కాదు, జరిగినవాటిని దాచకుండా చెప్పగలిగారని. జట్టంతా చచ్చిపడినప్పుడు, దాన్ని వైప్ అంటారు, మీ మొదటి మాటకి ఆ బలం ఉంటుంది. "హీలర్ ఏం చేస్తోంది?" అంటే మిగతావాళ్ళూ తమ తప్పుల్ని కడుపులో పెట్టుకుంటారు. "నేను ఎక్కువ లాగాను, ఈసారి రెండు గుంపులే" అంటే ఇంకొకరు వెంటనే "నేనూ గీతలోంచి ఆలస్యంగా తప్పుకున్నాను" అంటారు. రెండు కారణాలూ బయటపడ్డాయి, రెండో ప్రయత్నం మొదటిదాని కంటే మెరుగవుతుంది. తప్పు నిజంగా హీలర్‌దే అయినప్పుడు కూడా పనిని చెప్పండి, మనిషిని కాదు: "మూడో వేటుకి ముందు ప్రాణం నిండుగా కావాలి."

ఇంగ్లీషు రాదని మన పిల్లలు చాలామంది ఈ పాత్ర జోలికే పోరు. ఈ జంకుకి నిజమైన ఆధారం చాలా తక్కువ. ఎదుటివాడు జపాన్‌లోనో బ్రెజిల్‌లోనో ఉండి అవే నాలుగు ఇంగ్లీషు ముక్కలతో నెట్టుకొస్తూ ఉండవచ్చు. ఫైనల్ ఫాంటసీలో ముందే అనువదించి పెట్టిన మాటల పట్టిక ఉంది. మీరు అందులోంచి ఎంచుకున్న మాట జపనీస్‌లో ఆడేవాడికి జపనీస్‌లో కనిపిస్తుంది. శత్రువుల తలల మీద గుర్తులు పెట్టవచ్చు. వార్‌క్రాఫ్ట్‌లో పుర్రె గుర్తు ఉన్నవాడిని ముందు పడగొట్టాలని ఏ భాషవాడికైనా తెలుసు. చెప్పడం అంటే వ్యాకరణం కాదు, సమయానికి అందించడం.

పెద్దవాళ్ళ అభ్యంతరం వేరు: ఇదంతా పొద్దు పోక చేసే పని, దీని వల్ల పరీక్షలో మార్కొస్తుందా, ఉద్యోగమొస్తుందా? డంజన్ నడిపినవాడు రేపు ఆఫీసు నడుపుతాడని నేను హామీ ఇవ్వను. ఒక చోట నేర్చింది ఇంకో చోటికి దానంతట అది రాదు, తెచ్చుకోవాలి. ఆటకి ఒక హద్దు మాత్రం పెట్టండి. మధ్యలో వదిలి వెళ్ళిన ఆటగాడిని ఈ రెండు ఆటలూ అరగంటపాటు మళ్ళీ వరసలో నిలబడనివ్వవు, అది న్యాయమైన శిక్షే. అమ్మ భోజనానికి పిలవబోతోందన్నా, కరెంటు పోయే వేళన్నా, పొద్దున పరీక్ష ఉన్నా బటన్ నొక్కకండి. నొక్కితే చివరిదాకా ఉండండి. ముగ్గురో నలుగురో మనుషులు తమ సాయంత్రంలో అరగంట మీ చేతిలో పెట్టారు.

మొదలుపెట్టేవాళ్ళకి ఫైనల్ ఫాంటసీలోని సస్తాషా మంచి చోటు. ఆ ఆటలో అందరూ మొదట అడుగుపెట్టే డంజన్ అదే. సముద్రపు ఒడ్డున బిలం, లోపల దొంగల స్థావరం. దారిలో నెత్తుటి మరకల చీటీ ఒకటి దొరుకుతుంది, అందులో ఒక రంగు పేరు ఉంటుంది. ముందున్న పగడపు మొక్కల్లో ఆ రంగుదాన్ని తాకితేనే దారి ముందుకి సాగుతుంది. పాతవాళ్ళు చీటీ చదవరు, చకచకా తాకేసి పోతారు. కొత్తవాడికి అక్కడ ఒక చిక్కుముడి ఉండేదని కూడా తెలియదు. బాస్ దగ్గరా అంతే. కొత్తవాడు కథ దృశ్యం చూస్తుండగా మిగతావాళ్ళు పోరు మొదలుపెడితే 15 సెకన్లలో ప్రాంగణం మూసుకుపోతుంది, అతను గీత బయట నిలబడి చూడాల్సి వస్తుంది. మీరు ట్యాంక్ కాబట్టి మీరు కదలకపోతే చాలామటుకు ఎవరూ కదలరు. పగడాల దగ్గర ఆగండి. "చీటీ మీరు చదవండి, ఏ రంగో మీరే తాకండి" అని కొత్తవాడికి రాసి, కత్తి దించి పక్కన నిలబడండి. అతను వెనక్కి వెళ్ళి, చీటీ వెతికి, చదివి వచ్చేదాకా ఒక నిమిషం పట్టవచ్చు.